లైబ్రరీ ఉంది, ప్రోగ్రామ్‌కు దొరకడం లేదు: లినక్స్‌లో వెతికి సరిచేసుకోవడం ఎలా

కోడు ఒక్క హెచ్చరిక కూడా లేకుండా కంపైల్ అవుతుంది. నడపబోతే మాత్రం ఒకే వరుస చూపించి ఆగిపోతుంది: షేర్డ్ లైబ్రరీలు లోడ్ చేయడంలో లోపం, ఫలానా ఫైలు తెరవడం కుదరలేదు, అటువంటి ఫైలు గానీ డైరెక్టరీ గానీ లేదు. గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు ప్రాజెక్టులు అప్పగించే రోజుల్లో నన్ను ఎక్కువగా అడిగేది దీని గురించే. వెంటనే వచ్చే రెండో మాట కూడా నాకు కంఠతా వచ్చు: "ఫైలు ఉంది సార్, ఇదిగో కనిపిస్తోంది." ఉంది, కాదనను. మీరు చూసే చోట ఉంది, లోడర్ (ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు దానికి కావలసిన షేర్డ్ లైబ్రరీలను, అంటే పలు ప్రోగ్రామ్‌లు పంచుకునే కోడు ఫైళ్లను, వెతికి తెచ్చే సిస్టమ్ భాగం) చూసే చోట లేదు.

చాలామంది ఇక్కడ ఆ ఫైలును తోచిన ఫోల్డర్లన్నింటిలోకీ కాపీ చేయడం మొదలుపెడతారు. ఆ పని ఇప్పుడే మానుకోండి. ఏ పేరు కోసం ఎక్కడెక్కడ వెతికావని లోడర్‌నే అడగండి, అది ఏదీ దాచుకోదు. అడిగే పద్ధతే ఈ వ్యాసం.

కమాండ్లను తెలుగు లిపిలో రాస్తున్నాను. మీరు వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలలో టైపు చేయాలి. పెద్ద అక్షరాలు అవసరమైన చోట విడిగా చెబుతాను. చుక్కలు, గీతలు, అంకెలు ఉన్నవి ఉన్నట్టే.

ఏమేమి కావాలి

- ఉబుంటు లేదా డెబియన్ ఉన్న కంప్యూటర్, అందులో సుడో అనుమతి (నిర్వాహకుడి హోదాలో కమాండ్లు నడిపే హక్కు). కాలేజీ ల్యాబులో సుడో ఇవ్వరు కాబట్టి, అది లేకుండా చేసుకునే దారి 5, 6 మెట్లలో ఉంది.
- బిన్‌యుటిల్స్ ప్యాకేజీ. కింద వాడే రీడ్‌ఎల్ఫ్ ఇందులోదే. జీసీసీ కంపైలర్ ఉంటే ఇదీ ఉన్నట్టే.
- ప్యాచ్‌ఎల్ఫ్ ప్యాకేజీ (కట్టేసిన ప్రోగ్రామ్‌లోని లైబ్రరీ దారులను మార్చే సాధనం), 6వ మెట్టు దాకా వెళితేనే.
- లోపం సందేశం పూర్తి పాఠం. ఫోనులో ఫొటో తీస్తే సరిగ్గా ఫైలు పేరున్న అంచే తెగిపోతుంది. టెర్మినల్ నుంచి కాపీ చేసుకోండి.

ముందుగా కాస్త నేపథ్యం

మీరు ప్రోగ్రామ్‌ను నడపగానే కెర్నల్ ముందు లోడర్‌ను పిలుస్తుంది. లోడర్ ఆ ప్రోగ్రామ్‌లోని "కావలసినవి" జాబితా చదువుతుంది. అందులో సాధారణంగా ఫైలు పేర్లే ఉంటాయి, దారులు ఉండవు. పేరులో ఏటవాలు గీత ఉంటే దాన్ని దారిగానే తీసుకుంటుంది. లేకపోతే ఈ వరుసలో వెతుకుతుంది:

ప్రోగ్రామ్‌లోనే రాసి ఉన్న ఆర్‌పాత్ (ఆర్‌పాత్, రన్‌పాత్ రెండూ ప్రోగ్రామ్‌లో రాసిపెట్టిన వెతికే దారులే, ఆర్‌పాత్ పాత పద్ధతి; రన్‌పాత్ లేనప్పుడు మాత్రమే దీన్ని చూస్తుంది), తర్వాత ఎల్‌డి_లైబ్రరీ_పాత్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, తర్వాత ప్రోగ్రామ్‌లోని రన్‌పాత్, తర్వాత /ఈటీసీ/ఎల్‌డి.ఎస్ఓ.క్యాష్ అనే సూచిక, చివరగా /లిబ్, /యూఎస్ఆర్/లిబ్.

మీరు ప్రస్తుతం నిలబడి ఉన్న డైరెక్టరీ ఈ వరుసలో లేదు. విండోస్ అలవాటుతో వచ్చినవారు మొదట తడబడేది ఇక్కడే.

సరైన రకం ఫైలు ఎక్కడ మొదట దొరికితే అక్కడితో వెతుకులాట ఆగిపోతుంది. గుంటూరులో బ్రాడీపేటలోనూ అరండల్‌పేటలోనూ లైన్లు, అడ్డరోడ్లు అంకెలతోనే ఉంటాయి. పేట పేరు చెప్పకుండా "నాలుగో లైను, ఒకటో అడ్డరోడ్డు" అంటే ఆటోడ్రైవరు తనకు ముందు తగిలిన పేటకే తీసుకెళతాడు. ఒకే పేరుతో రెండు చోట్ల లైబ్రరీ ఉన్నప్పుడు లోడర్ చేసేదీ అదే.

ఉదాహరణగా ఒక విద్యార్థి ప్రాజెక్టు తీసుకుందాం: మిర్చి యార్డులో ఇచ్చే తక్‌పట్టీల (అమ్మకం చీటీల) ఫొటోల నుంచి తెలుగు అక్షరాలను చదివే ప్రోగ్రామ్. ఆ చదివే పని చేసేది టెస్సరాక్ట్ అనే లైబ్రరీ. (అచ్చు వేసిన పట్టీలు. చేతిరాత జోలికి టెస్సరాక్ట్‌తో వెళ్లకండి.) ఉబుంటు 22.04 ప్యాకేజీగా ఇచ్చేది టెస్సరాక్ట్ 4. ఈ విద్యార్థికి 5 కావలసివచ్చి, సోర్సు నుంచి తానే కట్టుకున్నాడు. ప్రోగ్రామ్ పేరు "పట్టీ". అది అడుగుతున్నది లిబ్‌టెస్సరాక్ట్.ఎస్ఓ.5.

1. సందేశం ఏ రకమో తేల్చుకోండి

అన్నీ ఒకేలా కనిపిస్తాయి కానీ వాటి కారణాలు వేరు.

"తెరవడం కుదరలేదు, అటువంటి ఫైలు లేదు" అంటే వెతికిన చోట్ల ఆ పేరు దొరకలేదు. 2వ మెట్టుకు వెళ్లండి.

"రాంగ్ ఎల్ఫ్ క్లాస్" అంటే పేరు దొరికింది, కానీ అది 32 బిట్ల ఫైలు, మీ ప్రోగ్రామ్ 64 బిట్లది (లేదా తలకిందులుగా). లోడర్ దాన్ని వదిలేసి ముందుకు వెతికింది, సరైనది ఎక్కడా తగలక ఈ మాట చెప్పింది. ఫైల్ అనే కమాండుకు ఆ లైబ్రరీ దారి ఇస్తే ఎన్ని బిట్లదో చెబుతుంది.

"అన్‌డిఫైన్డ్ సింబల్" వస్తే చాలాసార్లు లైబ్రరీ దొరికింది, కానీ మీరు అనుకున్న కాపీ కాదు. 7వ మెట్టు చూడండి.

"వెర్షన్ జీలిబ్‌సీ_2.34 దొరకలేదు" అనే రకం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. జీలిబ్‌సీ అంటే ఉబుంటులో దాదాపు ప్రతి ప్రోగ్రామూ వాడే మూల సీ లైబ్రరీ, దాని ఫైలు పేరు లిబ్‌సీ.ఎస్ఓ.6. ఇంట్లో కొత్త ల్యాప్‌టాప్ మీద కంపైల్ చేసి, ల్యాబులోని పాత యంత్రం మీద నడిపితే ఇది వస్తుంది. ఉబుంటు 20.04లో జీలిబ్‌సీ 2.31 ఉంటుంది, 22.04లో 2.35, 24.04లో 2.39. పాతదాని మీద కట్టిన ప్రోగ్రామ్ కొత్తదాని మీద సాధారణంగా నడుస్తుంది, కొత్తదాని మీద కట్టింది పాతదాని మీద నడవకపోవచ్చు. కాబట్టి నడపబోయే యంత్రాల్లో అన్నిటికన్నా పాతదాని మీద కంపైల్ చేయండి, లేదా ఆ పాత ఉబుంటును కంటెయినర్‌లో (మీ యంత్రంలోనే విడిగా నడిచే చిన్న సిస్టమ్‌లో) తెచ్చుకుని అందులో చేయండి. హెచ్చరిక: వేరే యంత్రం నుంచి లిబ్‌సీ.ఎస్ఓ.6 తెచ్చి సిస్టమ్ డైరెక్టరీలో పెట్టకండి. ఆ తర్వాత ఎల్ఎస్ కూడా పనిచేయదు, సుడో కూడా పనిచేయదు. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి బాగుచేయడమే మిగులుతుంది.

ఇంకొకటి. కొన్నిసార్లు లైబ్రరీ పేరు ఏదీ రాకుండా, ప్రోగ్రామ్ పేరే చెప్పి "అటువంటి ఫైలు లేదు" అంటుంది. ఫైలు కళ్లెదుటే ఉంటుంది. అప్పుడు దొరకనిది లోడరే. ఉబుంటులో కట్టిన ప్రోగ్రామ్‌ను ఆల్పైన్ అనే మరో లినక్స్ కంటెయినర్‌లో నడిపితే ఇలా జరుగుతుంది. ఆల్పైన్‌లో ఉండేది మజిల్ అనే వేరే సీ లైబ్రరీ, దాని లోడర్ పేరు వేరు. "రీడ్‌ఎల్ఫ్ -ఎల్ ప్రోగ్రామ్" అని అడిగితే ఏ ఇంటర్‌ప్రెటర్ (అంటే ఏ లోడర్) కోరుతోందో కనిపిస్తుంది.

2. ఏ పేర్లు కావాలో అడగండి

రీడ్‌ఎల్ఫ్ -డి ./పట్టీ

వచ్చిన పట్టికలో "నీడెడ్" అని ఉన్న వరుసలే ముఖ్యం. పక్కనే రన్‌పాత్ లేదా ఆర్‌పాత్ వరుస ఉందేమో కూడా గమనించండి, తర్వాత పనికొస్తుంది. ఆపైన:

ఎల్‌డిడి ./పట్టీ

ఇది ఒక్కో పేరుకు ఎదురుగా దొరికిన దారిని చూపిస్తుంది. దొరకనిదాని పక్కన "నాట్ ఫౌండ్" అని ఉంటుంది. రీడ్‌ఎల్ఫ్ చెప్పేది ప్రోగ్రామ్ నేరుగా అడిగినవాటి గురించే. ఎల్‌డిడి ఆ లైబ్రరీలకు కావలసిన లైబ్రరీలను కూడా కలిపి చెబుతుంది. ఈ తేడా 6వ మెట్టులో పనికి వస్తుంది.

హెచ్చరిక: ఎవరో పంపిన, మీకు నమ్మకం లేని ప్రోగ్రామ్ మీద ఎల్‌డిడి వాడకండి. కొన్ని సందర్భాల్లో అది ఆ ప్రోగ్రామ్‌నే నడిపేస్తుంది. అటువంటివాటికి రీడ్‌ఎల్ఫ్ చాలు.

3. ఫైలు అసలు డిస్కులో ఉందా?

సుడో ఫైండ్ / -నేమ్ 'లిబ్‌టెస్సరాక్ట్.ఎస్ఓ*'

లేకపోతే ప్యాకేజీగా తెచ్చుకోండి. ఏ ప్యాకేజీలో ఉందో తెలియకపోతే ఏపీటీ-ఫైల్ అనే సాధనంతో ఫైలు పేరిచ్చి వెతకవచ్చు. ఫెడోరాలో అయితే డీఎన్ఎఫ్ ప్రొవైడ్స్. పేరు చివర "-డెవ్" ఉన్న ప్యాకేజీ కంపైల్ చేయడానికి. నడపడానికి అది అక్కర్లేదు, లైబ్రరీ ప్యాకేజీ ఒక్కటి చాలు.

ఇక అందరూ చేసే పొరపాటు. లిబ్‌టెస్సరాక్ట్.ఎస్ఓ.4 ఉంది, 5 కావాలంటోంది. "ఒక అంకే కదా తేడా" అని 4కు 5 అనే పేరుతో సింబాలిక్ లింకు పెట్టేస్తారు. ఆ అంకెను లైబ్రరీ రాసినవారు సరదాకు మార్చరు. పాతదానితో పొసగని మార్పులు చేసినప్పుడే మారుస్తారు. ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్ఎస్ఎల్ సంగతి చూడండి: ఉబుంటు 22.04 నుంచి అందులో ఉండేది 3వ వెర్షన్. పాత ప్రోగ్రామ్ లిబ్‌ఎస్ఎస్ఎల్.ఎస్ఓ.1.1 అడుగుతుంది. 3కు 1.1 అని పేరు పెట్టి లింకు చేస్తే, లోపం సందేశం మారుతుంది తప్ప ప్రోగ్రామ్ నడవదు. ప్రోగ్రామ్‌నే కొత్తదానితో మళ్లీ కంపైల్ చేయండి, లేదా దాని కొత్త విడుదల తెచ్చుకోండి.

4. సూచికలో ఉందా?

మన ఉదాహరణలో ఫైలు /యూఎస్ఆర్/లోకల్/లిబ్‌లో ఉంది. సోర్సు నుంచి కట్టి "మేక్ ఇన్‌స్టాల్" చేస్తే మామూలుగా అక్కడికే వెళుతుంది. ఇప్పుడు సూచికను అడగండి:

ఎల్‌డికాన్ఫిగ్ -పి | గ్రెప్ టెస్సరాక్ట్

ఏమీ రాకపోతే సమస్య దొరికినట్టే. ఉబుంటులో /యూఎస్ఆర్/లోకల్/లిబ్ ముందే వెతికే చోట్ల జాబితాలో ఉంటుంది, కానీ కొత్త ఫైలు వచ్చిందని సూచికకు ఎవరూ చెప్పలేదు. చెప్పండి:

సుడో ఎల్‌డికాన్ఫిగ్

అంతే. నా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం ఈ ఒక్క కమాండుతో తీరిపోతాయి. సగం రోజు వెతుక్కుని వచ్చిన పిల్లవాడి ముఖం చూస్తే చెప్పడానికి మొహమాటంగా ఉంటుంది.

లైబ్రరీ వేరే చోట, ఉదాహరణకు /ఆప్ట్/పట్టీ/లిబ్‌లో ఉంటే, /ఈటీసీ/ఎల్‌డి.ఎస్ఓ.కాన్ఫ్.డి/ లోపల పట్టీ.కాన్ఫ్ అనే ఫైలు పెట్టి, అందులో ఆ డైరెక్టరీ దారిని ఒక వరుసగా రాసి, మళ్లీ సుడో ఎల్‌డికాన్ఫిగ్ చేయండి. ఇక్కడ జరిగే తప్పులు:

- డైరెక్టరీ బదులు లైబ్రరీ ఫైలు పూర్తి దారి రాయడం.
- ఫైలు పేరు చివర ".కాన్ఫ్" పెట్టకపోవడం. పెట్టకపోతే దాన్ని చదవదు.
- లైబ్రరీ ఫైలు పేరు "లిబ్" అని మొదలుకాకపోవడం. ఎల్‌డికాన్ఫిగ్ అటువంటివాటిని పట్టించుకోదు.
- నలుగురు వాడే యంత్రంలో మీ హోమ్ డైరెక్టరీని ఈ జాబితాలో చేర్చడం. అక్కడ మీరు పెట్టే ఫైళ్లు అందరి ప్రోగ్రామ్‌లలోకీ వెళతాయి. వద్దు.

5. సుడో లేకపోతే, లేదా పరీక్షించి చూడాలంటే

ఎల్‌డి_లైబ్రరీ_పాత్=/ఆప్ట్/పట్టీ/లిబ్ ./పట్టీ

వేరియబుల్ పేరు మొత్తం పెద్ద అక్షరాలు, మాటల మధ్య అండర్‌స్కోరు, సమానం గుర్తుకు అటూఇటూ ఖాళీ లేదు. ఇలా కమాండుకు ముందే రాస్తే ఆ ఒక్కసారికే వర్తిస్తుంది. అలాగే ఉండనివ్వండి. దీన్ని బాష్ఆర్‌సీ ఫైలులో (టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ చదివే సెట్టింగుల ఫైలులో) శాశ్వతంగా రాసుకుంటే, ఆ టెర్మినల్ నుంచి నడిపే ప్రతి ప్రోగ్రామూ ముందు మీ డైరెక్టరీలోనే వెతుకుతుంది. కొన్నాళ్లకు సంబంధం లేని ప్రోగ్రామ్ ఏదో చెడిపోతుంది, అప్పటికి ఈ వరుస సంగతి మీకు గుర్తుండదు.

పాత విలువకు కొత్తది కలిపేటప్పుడు కోలన్ దగ్గర జాగ్రత్త. పాత విలువ ఖాళీగా ఉంటే చివర ఒట్టి కోలన్ మిగులుతుంది. ఖాళీ భాగాన్ని లోడర్ "ప్రస్తుత డైరెక్టరీ" అని అర్థం చేసుకుంటుంది. ఎవరైనా డౌన్‌లోడ్స్ ఫోల్డరులో అదే పేరుతో ఒక ఫైలు పెడితే అదే లోడవుతుంది.

"టెర్మినల్‌లో నడుస్తోంది, సుడోతో నడవడం లేదు" అంటారు. సుడో ఈ వేరియబుల్‌ను తీసేస్తుంది, అది భద్రత కోసమే. వేళకు పనులు నడిపే క్రాన్, వెనక నడిచే సిస్టమ్‌డీ సర్వీసులు మీ బాష్ఆర్‌సీని చదవవు. సర్వీసుకు కావాలంటే దాని యూనిట్ ఫైలులోనే ఎన్విరాన్‌మెంట్ వరుసగా ఇవ్వాలి, లేదా 4వ మెట్టు చేయాలి.

6. ప్రోగ్రామ్‌లోనే దారి రాసిపెట్టడం

ప్రాజెక్టును పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి వేరే యంత్రంలో చూపించాలంటే నా సలహా ఇదే. ప్రోగ్రామ్ పక్కనే "లిబ్" అనే ఫోల్డరు పెట్టి, లైబ్రరీలను అందులో ఉంచి, లింకు చేసేటప్పుడు ఇది చేర్చండి:

-డబ్ల్యూఎల్,-ఆర్‌పాత్,'$ఆరిజిన్/లిబ్'

ఇందులో డబ్ల్యూ పెద్ద అక్షరం, ఎల్ చిన్నది. ఆరిజిన్ మొత్తం పెద్ద అక్షరాలు. "ఈ ప్రోగ్రామ్ ఉన్న డైరెక్టరీ" అని దానర్థం, ఎక్కడికి తీసుకెళ్లినా మారదు. ఒంటి కోట్లు తప్పనిసరి. లేకపోతే షెల్ దాన్ని తన వేరియబుల్ అనుకుని ఖాళీ చేసేస్తుంది. మేక్‌ఫైలులో అయితే డాలర్ గుర్తు రెండుసార్లు రాయాలి. సరిగ్గా పడిందో లేదో రీడ్‌ఎల్ఫ్ -డి తో చూడండి. రన్‌పాత్ వరుసలో $ఆరిజిన్ అలాగే కనిపించాలి. "/లిబ్" ఒక్కటే కనిపిస్తే కోట్లు పోయాయని అర్థం.

సోర్సు లేకపోతే: ప్యాచ్‌ఎల్ఫ్ --సెట్-ఆర్‌పాత్ '$ఆరిజిన్/లిబ్' ./పట్టీ. ముందు ఒక నకలు దాచుకోండి.

ఇప్పుడు అసలు చిక్కు. ఇదంతా చేశాక లిబ్‌టెస్సరాక్ట్ దొరుకుతుంది, కానీ అదే ఫోల్డరులో ఉన్న లెప్టోనికా (టెస్సరాక్ట్ వాడుకునే బొమ్మల లైబ్రరీ) దొరకలేదంటుంది. రెండూ పక్కపక్కనే ఉన్నాయి! కారణం: రన్‌పాత్ ఎవరిలో రాసి ఉంటే వారు నేరుగా అడిగినవాటికే వర్తిస్తుంది. లెప్టోనికాను అడుగుతున్నది ప్రోగ్రామ్ కాదు, లిబ్‌టెస్సరాక్ట్. పాత ఆర్‌పాత్‌కు ఈ పరిమితి లేదు, అందుకే పాత పుస్తకాలు చూసి చేసినవారికి ఇది వింతగా ఉంటుంది. పరిష్కారం: లిబ్‌టెస్సరాక్ట్ మీద కూడా ప్యాచ్‌ఎల్ఫ్ నడిపి '$ఆరిజిన్' అని పెట్టండి. లైబ్రరీ విషయంలో ఆరిజిన్ అంటే ఆ లైబ్రరీ ఉన్న డైరెక్టరీ.

7. అప్పటికీ తేలకపోతే

ఎల్‌డి_డీబగ్=లిబ్స్ ./పట్టీ

వేరియబుల్ పెద్ద అక్షరాలు, విలువ చిన్న అక్షరాలు. లోడర్ తాను ఏ పేరు వెతుకుతోందో, ఏ డైరెక్టరీల్లో, ఏ వరుసలో, ఏ ఫైలును ప్రయత్నించిందో అన్నీ చెబుతుంది. చాలా పొడవుగా వస్తుంది, ఫైలులోకి మళ్లించుకుని మీ లైబ్రరీ పేరు దగ్గర చదవండి. అనుకోని డైరెక్టరీ నుంచి ఒక కాపీ లోడైతే ఇక్కడ బయటపడుతుంది. పైథాన్ ప్యాకేజీలను విడిగా పెట్టుకునే కాండా వాడేవారిలో ఇది ఎక్కువ: సిస్టమ్‌లో ఒకటి, కాండాలో ఒకటి అదే పేరుతో ఉంటాయి.

నడుస్తూ మధ్యలో లైబ్రరీని తెరిచే ప్రోగ్రామ్‌లు ఉన్నాయి. పైథాన్ ఇంపోర్టులు, ప్లగిన్లు ఇలాంటివే. వాటిని ఎల్‌డిడి చూపించదు. పైథాన్‌లో లోపం వస్తే పైథాన్ మీద కాకుండా, ఆ మాడ్యూల్ తాలూకు .ఎస్ఓ ఫైలు మీద ఎల్‌డిడి నడపండి.

8. నిజంగా కుదిరిందా?

"నడిచింది" అనుకుని లేచిపోకండి. ఎల్‌డిడిలో "నాట్ ఫౌండ్" ఒక్కటీ ఉండకూడదు, బాణం గుర్తు పక్కనున్న దారి మీరు అనుకున్నదే అయి ఉండాలి. ఆ తర్వాత కొత్త టెర్మినల్‌లో, వేరే డైరెక్టరీ నుంచి నడపండి. ఇంకా గట్టి పరీక్ష కావాలంటే కమాండుకు ముందు "ఎన్వ్ -ఐ" పెట్టండి, ఎన్విరాన్‌మెంట్ అంతా ఖాళీ అవుతుంది. అందులోనూ నడిస్తే మీ పరిష్కారం ఏ వేరియబుల్ మీదా ఆధారపడటం లేదు. నడుస్తున్న ప్రోగ్రామ్‌లో ఏది లోడైందో /ప్రాక్ లోపల దాని నంబరు కింద ఉండే మ్యాప్స్ ఫైలు చెబుతుంది.

మన ఉదాహరణలో ఇంకో చివరి పరీక్ష: టెస్సరాక్ట్ --లిస్ట్-ల్యాంగ్స్. జాబితాలో "టెల్" (తెలుగుకు దాని సంకేతం) లేకపోతే తెలుగు చదవదు, అయితే అది లైబ్రరీ సమస్య కాదు. సోర్సు నుంచి కట్టిన టెస్సరాక్ట్ భాషా డేటాను మామూలుగా /యూఎస్ఆర్/లోకల్/షేర్/టెస్‌డేటాలో వెతుకుతుంది, తెలుగు ఫైలు అక్కడ పెట్టండి.

విండోస్, మ్యాక్ వాడేవారికి

విండోస్‌లో మామూలు వరుస: ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డరు, సిస్టమ్32, పాత 16 బిట్ల సిస్టమ్ ఫోల్డరు, విండోస్ ఫోల్డరు, ప్రస్తుత ఫోల్డరు, చివరగా పాత్ వేరియబుల్‌లోని ఫోల్డర్లు. కాబట్టి డీఎల్ఎల్‌ను (విండోస్‌లో షేర్డ్ లైబ్రరీ ఫైలును) ప్రోగ్రామ్ పక్కనే పెట్టడం అక్కడ సరైన పనే. వీసీరన్‌టైమ్140.డీఎల్ఎల్ లేదంటే మైక్రోసాఫ్ట్ సైటు నుంచి విజువల్ సీ++ రీడిస్ట్రిబ్యూటబుల్ తెచ్చుకోండి. డీఎల్ఎల్‌లను విడివిడిగా ఇచ్చే సైట్ల గడప తొక్కకండి. 64 బిట్ల విండోస్‌లో సిస్టమ్32లో ఉండేవి 64 బిట్లవి, సిస్‌వావ్64లో ఉండేవి 32 బిట్లవి. పేర్లు చూసి మోసపోకండి. పైథాన్ 3.8 నుంచి మాడ్యూళ్లకు కావలసిన డీఎల్ఎల్‌ల కోసం పాత్‌లో వెతకడం మానేశారు, ఓఎస్ మాడ్యూల్‌లోని యాడ్_డీఎల్ఎల్_డైరెక్టరీ వాడాలి.

మ్యాక్‌లో ఎల్‌డిడి బదులు ఓటూల్ -ఎల్ (ఎల్ పెద్ద అక్షరం). డీవైఎల్‌డి_లైబ్రరీ_పాత్ అనే వేరియబుల్ అక్కడ ఉంది కానీ, సిస్టమ్ షెల్ స్క్రిప్టు ద్వారా నడిపితే భద్రతా వ్యవస్థ దాన్ని తీసేస్తుంది. బిగ్ సర్ (మ్యాక్ఓఎస్ 11) నుంచి సిస్టమ్ లైబ్రరీలు చాలావరకు విడి ఫైళ్లుగా డిస్కులో కనిపించవు, ఓటూల్ చూపిన దారిలో ఫైలు లేదని కంగారు పడకండి.

ఇవన్నీ చేసినా దారి దొరకకపోతే అడగండి. అడిగేటప్పుడు పూర్తి సందేశం, రీడ్‌ఎల్ఫ్ -డి ఫలితం, ఎల్‌డి_డీబగ్ ఫలితంలో మీ లైబ్రరీ పేరున్న భాగం, ఏ ఉబుంటు వెర్షనో, ఈ నాలుగూ టెక్స్టుగా పంపండి.